రాక్ సంగీత చరిత్ర: వెనక వరుసలో నాలుగేళ్లు

షికాగో బ్లూస్ రికార్డులను ఇంగ్లండు కుర్రాళ్లు అరిగిపోయేదాకా విని, నేర్చుకుని, ఆ సంగీతాన్నే తిరిగి అమెరికాకు ఎగుమతి చేసిన వైనం గత భాగంలో చూశాం. ఈసారి ఎదురు దారిలో వచ్చిన మనిషి కథ. 1966 సెప్టెంబరు 24న జిమి హెండ్రిక్స్ న్యూయార్క్ నుంచి వచ్చి లండన్‌లో దిగాడు. వయసు ఇరవై మూడు. లండన్‌లో అతని పేరు విన్నవాళ్లు లేరు. అక్టోబరు 1న రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో క్రీమ్ బృందం కచేరీ జరుగుతుంటే మధ్యలో స్టేజీ ఎక్కి, హౌలిన్ వుల్ఫ్ పాట 'కిల్లింగ్ ఫ్లోర్' ఎత్తుకున్నాడు. ఆ బృందంలో గిటారు వాయిస్తున్నది ఎరిక్ క్లాప్టన్. అభిమానులు లండన్ గోడల మీద దేవుడని రాసుకున్న క్లాప్టన్. ఆయన పాట సగంలోనే చేతులు దించేసి స్టేజీ పక్కకు వెళ్లిపోయాడని ఆనాటివాళ్లు చెప్పేవారు. అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు గడవకముందే, 1967 జూన్ 18న, కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించడం, అమెరికా అతన్ని కొత్తగా కనుక్కోవడం జరిగిపోయాయి. రాక్ చరిత్ర పుస్తకాలు చాలావరకు ఈ కథను ఇలాగే మొదలుపెడతాయి. ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ అజ్ఞాత మేధావిని లండన్ నగరం గుర్తించి, దిద్ది, ప్రపంచానికి అప్పగించిందన్నది దాని సారం.

ఈ కథ తేదీల దగ్గరే తేలిపోతుంది. విమానం దిగిన రోజుకూ క్లాప్టన్‌ను కంగారు పెట్టిన రోజుకూ మధ్య వారం రోజులే ఉన్నాయి. తొలి రికార్డు 'హే జో' అక్టోబరు 23న రికార్డయింది. దిగి నెల తిరగలేదు. వారంలో ఎవరికీ కొత్త బాణీ పట్టుబడదు. అతను అక్టోబరు 1న వాయించిందంతా సామానుతోపాటు వెంట తెచ్చుకున్నదే అయి ఉండాలి. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడన్నదే అసలు ప్రశ్న. 1962 నుంచి 1966 దాకా ఇతరుల వెనక నిలబడి, ఇతరుల పాటలకు, రోజు కూలి లాంటి జీతానికి పక్కవాద్యం వాయించిన నాలుగేళ్లే దానికి జవాబని నా వాదన. పుస్తకాలు పేరాలో ముగించే ఆ నాలుగేళ్లలోనే గిటారిస్టు తయారయ్యాడు. లండన్ అతనికి ఇచ్చింది వేరే. అది కూడా తక్కువదేమీ కాదు గనక దాని లెక్క తర్వాత చూద్దాం.

బాల్యం సంగతి తొందరగానే చెప్పుకోవచ్చు, దాని గురించి ఎవరూ తక్కువ రాయలేదు. 1942 నవంబరు 27న సియాటిల్‌లో పుట్టాడు. తల్లి లూసిల్‌కు అప్పటికి పదిహేడేళ్లు. తండ్రి ఆల్ సైన్యంలో ఉన్నాడు, బిడ్డ పుడితే చూడటానికి సెలవు దొరకలేదు. తల్లి పెట్టిన పేరు జానీ ఆలెన్. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన తండ్రి 1946లో దాన్ని జేమ్స్ మార్షల్‌గా మార్పించాడు. 1951లో తల్లిదండ్రులు విడిపోయారు. 1958 ఫిబ్రవరిలో తల్లి చనిపోయింది. పిల్లవాడు గిటారు లేక చీపురుకట్ట పట్టుకుని వాయిస్తున్నట్టు నటించేవాడు. తండ్రి వెంట పనికి వెళ్లినప్పుడు ఎవరో పారేసిన చెత్తలో ఒక్క తీగ మిగిలిన ఉకులేలే దొరికితే, ఆ ఒక్క తీగ మీదే రేడియోలో విన్న పాటలు పలికించుకున్నాడు. తర్వాత 5 డాలర్లకు పాత గిటారు, 1959లో తండ్రి కొనిచ్చిన సుప్రో ఎలక్ట్రిక్ గిటారు. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది అతని తొలి కచేరీ. సియాటిల్‌లోని ఒక యూదు ప్రార్థనా మందిరం సెల్లారులో, పేరైనా పెట్టుకోని బృందంతో వాయించాడు. మరీ రెచ్చిపోయి వాయిస్తున్నాడని విరామంలోనే తీసేశారు. అంటే దూకుడు మొదటినుంచీ ఉంది, ఎవరూ నేర్పనక్కర్లేదు. పాటను మోస్తూ దూకుడుగా వాయించడమెలాగో తెలియలేదు. ఆ తెలివి రావడానికి ఏడేళ్లు పట్టింది.

1961 మేలో దొంగ కార్లలో తిరుగుతూ రెండుసార్లు పోలీసులకు దొరికాడు. జైలా, సైన్యమా తేల్చుకోమన్నారు. సైన్యంలో చేరి, కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో 101వ ఎయిర్‌బోర్న్ దళంలో పారాట్రూపర్ అయ్యాడు. ఇంటికి ఉత్తరం రాసి గిటారు తెప్పించుకున్నాడు. క్లబ్బు గదిలో వాయిస్తుంటే, దారిన పోతూ ఆ చప్పుడు విని లోపలికి వచ్చిన తోటి సైనికుడు బిల్లీ కాక్స్. బేస్ గిటారు తీసుకుని పక్కన కూర్చున్నాడు, స్నేహం కుదిరింది. ఈ కాక్స్ పేరు గుర్తుంచుకోవాలి, వ్యాసం చివర మళ్లీ వస్తాడు. సైన్యం నుంచి ఎలా బయటపడ్డాడన్న విషయంలో హెండ్రిక్స్ పత్రికలకు చెప్పిన మాట వేరు, కాగితాల్లో ఉన్నది వేరు. పారాచూట్‌తో దూకుతుంటే చీలమండ విరిగిందని అతనన్నాడు. 1962 జూన్ నాటి విడుదల పత్రంలో మాత్రం సైనిక జీవితానికి పనికిరాడన్న కారణమే ఉంది. పై అధికారుల ఫిర్యాదులను బట్టి చూస్తే, డ్యూటీలో ఉన్నా అతని ధ్యాస గిటారు మీదే ఉండేది. తన గతం గురించి తానే కథలు అల్లగల మనిషని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ నాలుగేళ్ల గురించి అతని మాటనొక్కటే నమ్ముకోకుండా, మిగిలిన రికార్డులను కూడా వినాలనడానికి ఇదొక కారణం.

కాక్స్‌తో కలిసి మొదట క్లార్క్స్‌విల్‌లో, తర్వాత నాష్‌విల్‌లో కింగ్ క్యాజువల్స్ అనే బృందం నడిపాడు. నాష్‌విల్ అనగానే కంట్రీ సంగీతం గుర్తొస్తుంది గానీ, ఆ ఊళ్లోనే జెఫర్సన్ స్ట్రీట్ పొడవునా నల్లవాళ్ల క్లబ్బులుండేవి. డెల్ మొరాకో వాటిలో పేరున్నది. అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ల హాళ్లలో నల్లవాళ్లకు చోటులేని రోజులవి. ఆ వేర్పాటును చట్టం నిషేధించింది 1964లో. దానికి ముందూ వెనకా కూడా నల్లజాతి కళాకారులు తమ జనం కోసం నడిచే క్లబ్బులు, థియేటర్లు, పల్లెటూరి పాకహోటళ్ల వెంట ఊరూరా తిరిగేవారు. చిట్లిన్ సర్క్యూట్ అని దానికి పేరు. హార్లెమ్‌లోని అపోలో, వాషింగ్టన్‌లోని హోవర్డ్, షికాగోలోని రీగల్ దానికి పెద్ద మజిలీలు. మిగతావి రోడ్డు పక్క ఊళ్లు. అక్కడి జనం టిక్కెట్టు డబ్బుకు తగిన ఆట చూడనిదే ఊరుకోరు. పళ్లతో గిటారు మీటడం, మెడ వెనక పెట్టి వాయించడం చూసి లండన్ నోరెళ్లబెట్టింది గానీ, అవి ఈ జనం ముందు మామూలు విద్యలు. టీ-బోన్ వాకర్ 1940లలోనే గిటారు తల వెనక పెట్టుకుని వాయించేవాడు. న్యూ ఆర్లియన్స్ కేంద్రంగా పేరుపడ్డ గిటార్ స్లిమ్ రంగురంగుల సూట్లు వేసుకుని, పొడవాటి తీగ లాక్కుంటూ జనం మధ్యకు నడిచొచ్చి, ఆంప్లిఫయర్ గొంతు పగిలేలా వాయించేవాడు. 1954లో అతని పాట నల్లవాళ్ల చార్టులో మొదటి స్థానంలో ఉంది. కింగ్ క్యాజువల్స్‌లోనే మరో గిటారిస్టు పళ్లతో వాయించేవాడు. టెన్నెసీ జనం ముందు పళ్లతో వాయించకపోతే బతికి బయటపడటం కష్టమన్న అర్థంలో హెండ్రిక్స్ తర్వాత ఒక జోకు కూడా వేశాడు.

అయితే గారడీ విద్యలు పైపైవి. అసలు చదువు పక్కవాద్యంలో ఉంది. సర్క్యూట్ బృందంలో రిథమ్ గిటారు వాయించేవాడి పని చూద్దాం. గాయకుడు గొంతు విప్పినప్పుడు తాను కనబడకూడదు. అతను ఊపిరి తీసుకునే ఆ అరక్షణంలో రెండు మూడు స్వరాలు జారవిడిచి, మళ్లీ తాళంలోకి దూరిపోవాలి. ఈ కళలో ఆ రోజుల్లో పెద్దదిక్కు ఇంప్రెషన్స్ బృందానికి చెందిన కర్టిస్ మేఫీల్డ్. మెత్తటి స్వరగుచ్ఛాలను విడదీసి, వాటి మధ్య చిన్న చిన్న అలంకారాలు పొదగడం ఆయన పద్ధతి. హెండ్రిక్స్ దాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు. అతని చెయ్యి చాలా పెద్దది. బొటనవేలిని గిటారు మెడ మీదుగా అవతలికి తిప్పి లావు తీగను దానితోనే నొక్కేవాడు. దాంతో మిగతా నాలుగు వేళ్లూ ఖాళీ. కింద మంద్రం మోగుతూండగానే పైన సన్న తీగల మీద అల్లిక సాగేది, ఇద్దరు వాయిస్తున్నట్టు. పైగా ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం చేసిన స్ట్రాటోక్యాస్టర్‌నే తలకిందులు చేసి, తీగలు మాత్రం తిరిగి తన క్రమంలో బిగించుకునేవాడు. ఆ గిటారులో బ్రిడ్జి దగ్గరి పికప్ వాలుగా ఉంటుంది. తిరగేస్తే ఆ వాలు కూడా తిరగబడి లావు తీగలు కాస్త పదునుగా, సన్న తీగలు కాస్త మెత్తగా పలుకుతాయి. 1967 డిసెంబరులో వచ్చిన 'లిటిల్ వింగ్' తొలి అరనిమిషం వింటే చాలు, బొటనవేలి పని, మేఫీల్డ్ నేర్పిన నెమ్మది, అన్నీ అందులో ఉన్నాయి. ఫజ్, ఫీడ్‌బ్యాక్ హోరు ఏమీ లేదు. హెండ్రిక్స్ అంటే రొదే అనుకునేవాళ్లకు నేను వినిపించే మొదటి సాక్ష్యం ఇదే.

1964లో హార్లెమ్ చేరాడు. అపోలో థియేటర్ కొత్తవాళ్ల పోటీలో మొదటి బహుమతి వచ్చింది, దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. అంతలో ఐస్లీ బ్రదర్స్ తమ బృందంలోకి తీసుకున్నారు. వాళ్ల 'టెస్టిఫై' రికార్డులో గిటారు అతనిదే. ఆ ఏడాదే వచ్చిన డాన్ కోవే పాట 'మెర్సీ మెర్సీ'లోనూ వాయించాడంటారు. ఆ తర్వాత లిటిల్ రిచర్డ్ బృందంతో తిరిగాడు. 1965 జూలైలో నాష్‌విల్ టీవీ కార్యక్రమం 'నైట్ ట్రెయిన్'లో మొదటిసారి తెరమీద కనిపించాడు. ఆ ఫిల్మ్ ముక్క ఇప్పటికీ దొరుకుతుంది. ముందు బడ్డీ, స్టేసీ అనే గాయకులిద్దరు 'షాట్‌గన్' పాడుతుంటారు. కెమెరా వాళ్లనే పట్టుకుని ఉంటుంది. వెనక వాద్యగాళ్లంతా ఒకే తీరు బట్టల్లో నిలబడి ఉంటారు. వాళ్లలో ఒకడి గిటారు మాత్రం అందరి గిటార్లకూ ఎదురు దిక్కుకు తిరిగి, తాళానికి తగ్గట్టు ఊగుతూ ఉంటుంది. గాయకుల భుజాల సందులోంచి అతను అప్పుడప్పుడు కనిపిస్తాడు. సోలో లేదు, పళ్ల విద్య లేదు. కానీ చెయ్యి ఒక్క దెబ్బ కూడా తప్పదు. ఆ నాలుగేళ్ల ఉద్యోగం ఎలా ఉండేదో చెప్పడానికి జీవితచరిత్రల్లో పది పేజీలకన్నా ఈ ముక్క ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమొకటి ఎదురవుతుంది. సర్క్యూట్ అతన్ని తయారుచేసిందంటున్నారు, మరి అక్కడ ఒక్కచోటైనా నిలదొక్కుకున్నాడా? లిటిల్ రిచర్డ్‌కు చొక్కా కుచ్చుల దగ్గర కోపమొచ్చిందంటారు. బృందంలో తనకన్నా అందంగా ఇంకెవరూ కనబడకూడదన్నది ఆయన నియమం. 1965 జూలైలోనే ఆయన తమ్ముడు హెండ్రిక్స్‌ను తీసేశాడు, ఆలస్యంగా వస్తాడన్నది చెప్పిన కారణం. ఐస్లీల దగ్గరా, మరికొందరి దగ్గరా ఎక్కువకాలం ఉండలేదు. కాబట్టి ఆ లోకం అతన్ని అణచిపెట్టిందనీ, దాన్నుంచి తప్పించుకున్నాకే వికసించాడనీ కొందరి వాదం. సగం నిజమే. ఏకరూప దుస్తులు, జరిమానాలు, ఒకే పాట ఒకే తీరులో రాత్రికి రెండుసార్లు వాయించడం అతన్ని విసిగించిన మాట వాస్తవం. అయితే తీసేసిన ప్రతిసారీ మళ్లీ ఇంకొకరు పెట్టుకున్నారు. ఐస్లీలు, లిటిల్ రిచర్డ్, కర్టిస్ నైట్, కింగ్ కర్టిస్: వీళ్లలో ఎవరూ చేతకాని గిటారిస్టుకు జీతమిచ్చే రకం కాదు. కింగ్ కర్టిస్ బృందమైతే న్యూయార్క్‌లో పేరుమోసిన వాద్యగాళ్ల గుంపు, అందులో చోటు దొరకడమే ఒక యోగ్యతాపత్రం. అతని క్రమశిక్షణ మీద యజమానులకు ఫిర్యాదులుండేవి, తాళం మీద కాదు. ఇంకో సంగతి. విసుగెత్తి వదిలేసిన పాఠమే అయితే దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. లండన్‌లో తన కొత్త బృందంలో బేస్ వాయించడానికి నోయెల్ రెడింగ్‌ను పరీక్షించినప్పుడు వాయించిన పాటల్లో డాన్ కోవే 'మెర్సీ మెర్సీ' ఉంది. మాంటెరీలో కచేరీ మొదలుపెట్టింది 'కిల్లింగ్ ఫ్లోర్'తో, ఆ రాత్రే బి.బి. కింగ్ పాట కూడా వాయించాడు. మంట ఫొటో అందరూ అచ్చువేశారు. మొదట వాయించిన పాటేదో ఎవరికీ గుర్తులేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. సరే, చెయ్యి సర్క్యూట్‌ది. కానీ 1965 నాటి రికార్డులు విని 1967 నాటి హెండ్రిక్స్‌ను ఎవరు ఊహించగలరు? ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి ఒప్పుకోవలసిందే ఎక్కువ. 1966 వేసవిలో న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో, కెఫే వా అనే క్లబ్బులో, మొదటిసారి తన పేరుతో బృందం నడిపాడు. తన గొంతు బాగుండదని పాడటానికి సిగ్గుపడేవాడు. బాబ్ డిలాన్ పాడగాలేంది తానెందుకు పాడకూడదన్న ధైర్యం అక్కడే వచ్చింది. అతన్ని గురించి చెవిన వేసింది ఇంగ్లండు మోడల్ లిండా కీత్ అయితే, వచ్చి చూసి లండన్ తీసుకుపోయింది యానిమల్స్ బృందంలో బేస్ వాయించే చాస్ చాండ్లర్. ఆ బృందాన్ని వదిలి నిర్మాతగా మారే ప్రయత్నంలో ఉన్నాడు. సొంత పాటలు రాయమని వెంటపడింది చాండ్లరే. తొలి రికార్డు వెనకవైపు వచ్చిన 'స్టోన్ ఫ్రీ' ఆ ఒత్తిడికి పుట్టిందే. మార్షల్ ఆంప్లిఫయర్ల రొద, రోజర్ మేయర్ తయారుచేసిన ఆక్టేవియా పెడల్, జాజ్ చేతివాటమున్న మిచ్ మిచెల్ డ్రమ్ములు, ఇవన్నీ లండన్ సరుకే. (ఆ ఆంప్లిఫయర్లు తయారుచేసిన జిమ్ మార్షల్ దగ్గరే మిచెల్ డ్రమ్ములు నేర్చుకున్నాడు. జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్‌కు ఆ పేరు కలవడం కాకతాళీయమే గానీ, కథకుడెవరైనా కల్పిస్తే అతి అనేవాళ్లం.) ఇంత లెక్క లండన్ ఖాతాలో వేశాక కూడా ఒకటి మిగులుతుంది. లండన్‌లో హెండ్రిక్స్, రెడింగ్, మిచెల్ కలిసి కట్టిన ఎక్స్‌పీరియెన్స్ ముగ్గురి బృందం. రెండో గిటారు లేదు, కీబోర్డు లేదు. గిటారిస్టు పాడుతూ, తాళం మోస్తూ, సందుల్లో అలంకారాలు నింపుతూ, సమయం వస్తే సోలోకు ఎగరాలి. లండన్‌లో ఆనాటి గిటారు వీరుల్లో ఎక్కువమంది సోలో వీరులే. రిథమ్ వాయించడం వాళ్ల దృష్టిలో రెండో తరగతి పని. హెండ్రిక్స్‌కు అదే మొదటి పని, నాలుగేళ్లు జీతం తీసుకుని చేసిన పని. ఆ ముగ్గురి శబ్దం నిండుగా ఉండటానికి మూలం ఆ పని మీది పట్టు. మార్షల్ పెట్టెలు దాన్ని వీధి చివరిదాకా వినిపించాయి, అంతే.

మరి 'లండన్ అద్భుతం' కథ ఎందుకంత బలంగా పాతుకుపోయింది? వినేవాళ్లు వేరు కావడం వల్లనుకుంటాను. 1967లో రాక్ గురించి రాసే విలేఖరులు, చదివే పాఠకులు ఎక్కువగా తెల్లవాళ్లు. నాష్‌విల్ జెఫర్సన్ స్ట్రీట్‌లో ఏం జరిగేదో వాళ్లకు తెలిసే దారి లేదు, తెలుసుకోవాలన్న కోరికా తక్కువే. తెలియనిది లేనట్టే రాశారు. లండన్ పత్రికలైతే అతన్ని అడవిమనిషితో పోలుస్తూ పేర్లు కూడా పెట్టాయి. వెనక నాలుగేళ్ల కష్టం ఉన్నదని చెబితే అడవిమనిషి బొమ్మ నిలబడదు. ఇటు అమెరికాలో నల్లవాళ్ల రేడియో స్టేషన్లు అతని రికార్డులను పెద్దగా పట్టించుకోలేదు, అది తెల్లవాళ్ల రాక్ అనుకున్నాయి. అలా సాక్షులున్నచోట వినేవాళ్లు లేకపోయారు, వినేవాళ్లున్నచోట సాక్షులు లేకపోయారు. వ్యాపారానికి కూడా హఠాత్తుగా దొరికిన వింతమనిషే సౌకర్యం. హెండ్రిక్స్ దీన్ని ఖండించలేదన్న మాట నిజమే. చీలమండ కథ చెప్పినవాడు ఇంకో కథ చెలామణీ అవుతుంటే అడ్డుపడతాడని ఆశించనక్కర్లేదు.

కానీ తన బృందాన్ని తానే ఎంచుకునే వీలు దొరికినప్పుడు ఎవర్ని పిలిచాడో చూస్తే అతని మనసు తెలుస్తుంది. 1969లో ఎక్స్‌పీరియెన్స్ చెదిరిపోయాక, నాష్‌విల్ నుంచి బిల్లీ కాక్స్‌ను రప్పించుకున్నాడు. ఆ రోజుల నేస్తమే అయిన గిటారిస్టు లారీ లీని కూడా పిలిచాడు, అతను అప్పుడే వియత్నాం నుంచి తిరిగొచ్చాడు. ఆగస్టు 18, సోమవారం ఉదయం వుడ్‌స్టాక్ స్టేజీ మీద జాతీయగీతాన్ని బాంబుల మోతలా మార్చిన కచేరీలో పక్కన ఉన్నది వీళ్లే. లోకమంతా విన్నది ఆ గీతం. అదే ఉదయం హెండ్రిక్స్ వెనక్కు తగ్గి రిథమ్ వాయిస్తుండగా లారీ లీ గొంతు విప్పాడు, పాడినవాటిలో ఒకటి కర్టిస్ మేఫీల్డ్ 'జిప్సీ ఉమన్'. తర్వాత 1994లో, 1999లో వచ్చిన అధికారిక వుడ్‌స్టాక్ ఆల్బమ్‌లు రెండింటిలోనూ లీ పాటలు లేవు. ప్రపంచంలో అందరికన్నా పేరున్న గిటారిస్టు మళ్లీ పక్కవాద్యగాడై మేఫీల్డ్ పాటకు సహకరించిన ఆ నిమిషాలు కత్తెరకు పోయాయి.

వెనక వరుస రోజులు అతన్ని ఇంకో రకంగా కూడా వెంటాడాయి. 1965 అక్టోబరులో, కర్టిస్ నైట్ బృందంలో ఉండగా, న్యూయార్క్ నిర్మాత ఎడ్ చాల్పిన్ ముందుపెట్టిన కాగితం మీద సంతకం పెట్టాడు. మూడేళ్ల ఒప్పందం, 1 శాతం రాయల్టీ, చేతికి 1 డాలరు. పేరొచ్చాక ఆ కాగితం కోర్టుకెక్కింది. రాజీ కుదిరి, చాల్పిన్ తరఫున ఒక ఆల్బమ్ చేసి ఇవ్వాలని తేలింది. 1969 డిసెంబరు 31, 1970 జనవరి 1 తేదీల్లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో ఆ బాకీ తీర్చాడు. బేస్ మీద కాక్స్. డ్రమ్ముల మీద బడ్డీ మైల్స్, విల్సన్ పికెట్ బృందంలో వాయించి వచ్చినవాడు. ముగ్గురూ సర్క్యూట్ మనుషులే. 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' పేరుతో 1970 మార్చిలో కాపిటల్ సంస్థ ఆ రికార్డు విడుదల చేసింది. హెండ్రిక్స్‌కు అప్పటికి ఆరు నెలల ఆయువే మిగిలి ఉంది. ఆ ఆరు నెలలూ, ఆగస్టు 26న న్యూయార్క్‌లో తలుపులు తెరిచిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో సంగతీ వచ్చే భాగంలో.